థామస్ కావెరిల్ జెర్డాన్

థామస్ కావెరిల్ జెర్డాన్ (అక్టోబరు 12, 1811 – జూన్ 12, 1872) బ్రిటిషు వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో శస్త్రవైద్యునిగా పనిచేస్తూ భారతదేశపు పక్షులు, క్షీరదాలు, సరీసృపాలు, మంచినీటి చేపలు, చీమల గురించి విస్తృతంగా పరిశోధించాడు. దక్షిణ భారతదేశంలో ఏ జాతి ఏ ప్రాంతంలో నివసిస్తుంది, ఎక్కడ కనిపించదు అన్న విషయాన్ని ప్రాంతాల వారీగా వివరించిన తొలితరం పరిశోధకులలో ఈయన ముఖ్యుడు. గంజాం, నెల్లూరు, నిజాము రాజ్యంలోని జాల్నా మొదలైన చోట్ల ఉద్యోగం చేసిన కారణంగా తెలుగు ప్రాంతాలతో ఈయనకు దగ్గరి సంబంధం ఉంది. కడప జిల్లాలో మాత్రమే మిగిలిందని భావిస్తున్న అరుదైన పక్షి కలివికోడికి ఆంగ్లంలో ఉన్న పేరు జెర్డాన్స్ కోర్సర్. ఆ పేరు ఈయనను బట్టి వచ్చినదే.

బాల్యం, విద్య

జెర్డాన్ ఇంగ్లండు ఉత్తర భాగంలోని డర్హం కౌంటీలో జన్మించాడు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డాన్ స్కాట్లండు సరిహద్దులోని జెడ్‌బర్గ్ ప్రాంతానికి చెందినవాడు. 1828లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో సాహిత్య విద్యార్థిగా చేరిన జెర్డాన్, ఆ తరువాత వైద్య తరగతులకు మారాడు. ఆ రోజుల్లో ఎడింబరోలో విద్యార్థులు నడుపుకొనే ప్లినియన్ సొసైటీ అనే ప్రకృతి శాస్త్ర సంఘం ఉండేది. చార్లెస్ డార్విన్ వైద్య విద్య కోసం ఎడింబరోలో ఉన్నప్పుడు ఇందులోనే సభ్యుడు. ఆయన వెళ్ళిపోయిన కొద్దికాలానికే జెర్డాన్ ఇందులో చేరాడు.

1835లో కంపెనీ కొలువులో సహాయ శస్త్రవైద్యునిగా నియమితుడై, 1836 ఫిబ్రవరిలో మద్రాసు చేరాడు.

కంపెనీ వైద్యులు, ప్రకృతి శాస్త్రం

మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రకృతి శాస్త్రం చాలావరకు కంపెనీ వైద్యుల చేతుల మీదుగా పెరిగింది. మందు మొక్కలను గుర్తించడం, పాము కాటుకు విరుగుడు వెదకడం, జ్వరాలకు నేలకూ నీటికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడం వారి వృత్తిలో భాగం. జెర్డాన్ కంటే అర్ధ శతాబ్దం ముందే విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు వృక్షాలను గురించి పరిశోధించాడు. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను వాటి తెలుగు పేర్లతో సహా 1803లో ప్రకటించాడు. కోరమాండల్ తీరపు పాముల గురించి ఆయన వ్రాసిన గ్రంథం 1796 నాటిది.

అయితే మొక్కలు, పాములు, చేపల విషయంలో జరిగినంత పని పక్షుల విషయంలో జరగలేదు. జెర్డాన్ వచ్చేనాటికి ద్వీపకల్పపు పక్షుల గురించి చెప్పుకోదగిన జాబితా ఒక్కటే ఉండేది. అది కల్నల్ సైక్స్ 1832లో దక్కను ప్రాంతపు పక్షుల గురించి ప్రకటించినది. తూర్పు తీరం, తూర్పు కనుమలు, నిజాము రాజ్యంలోని తెలుగు జిల్లాల పక్షులకు అందులో స్థానం లేదు.

గంజాం, తిరుచిరాపల్లి, జాల్నా

జెర్డాన్ తొలి ఉద్యోగం గంజాం జిల్లాలో. అక్కడి కంపెనీ సైనికులు జ్వరాలతోనూ, రక్త విరేచనాలతోనూ బాధపడుతుండగా వారికి చికిత్స చేయడం ఆయన పని. ఖాళీ సమయంలో తూర్పు కనుమల పక్షులను సేకరించడం మొదలుపెట్టాడు. 1837 మార్చిలో రెండవ మద్రాసు లైట్ కావల్రీ అనే అశ్విక దళానికి బదిలీ అయి తిరుచిరాపల్లి చేరాడు. తరువాత ఆ దళంతోనే జాల్నాకు వెళ్ళాడు. జాల్నా నేడు మహారాష్ట్రలో ఉన్నా, అప్పట్లో నిజాము రాజ్యంలోని ఒక ముఖ్యమైన కంటోన్మెంటు. దక్కను పీఠభూమిపై నాలుగేళ్ళ పాటు జెర్డాన్ ఈ దళంతో ఉన్నాడు.

అశ్విక దళం ఒక చోటు నుండి మరొక చోటికి మారేటప్పుడు వారాల తరబడి కాలినడకన, గుర్రాల మీద ప్రయాణం సాగేది. ఒకే ప్రయాణంలో కోస్తా మైదానం, కనుమల అడవి, పీఠభూమి చదును నేలలు వరుసగా కంటికి కనిపించేవి. ఏ మజిలీ దగ్గర ఏ పక్షి కనిపించడం మానింది, ఏది కొత్తగా మొదలైంది అన్నది గమనించడానికి ఇంతకంటే అనువైన ఉద్యోగం మరొకటి ఉండదు.

1841 జూలైలో ఉదకమండలంలో ఫ్లోరా మెక్లియాడ్ అనే యువతిని వివాహం చేసుకొన్నాడు. ఆమెకు వృక్షశాస్త్రంలో, ముఖ్యంగా ఆర్కిడ్ మొక్కలలో ఆసక్తి ఉండేది. మొక్కల చిత్రాలు కూడా గీసేది. ఈ పరిచయాల మూలంగా నీలగిరులలో గడిపే అవకాశం జెర్డాన్‌కు చాలాసార్లు లభించింది.

ద్వీపకల్పపు పక్షుల జాబితా

జెర్డాన్ తొలి ముఖ్య రచన భారత ద్వీపకల్పపు పక్షుల జాబితా. ఇది 1839-40లో మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ అనే పత్రికలో భాగాలుగా వెలువడింది. ఇందులో 420 జాతులు ఉన్నాయి. సైక్స్ జాబితాకు ఇది దాదాపు రెట్టింపు.

ఈ జాబితా వెనుక ఒక చిన్న కథ ఉంది. తన నమూనాలను సరిగా గుర్తించడానికి జెర్డాన్ వాటిని స్కాట్లండులోని ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త విలియం జార్డైన్‌కు పంపాడు. ఓడ ప్రయాణంలో ఆ చర్మాలకు పురుగు పట్టింది. అవి జార్డైన్ చేతికి అందేసరికి పనికిరాకుండా పోయాయి. దానితో జెర్డాన్ ఐరోపా పండితుల తీర్పు కోసం ఎదురుచూడడం మాని, తనకు అందుబాటులో ఉన్న కొద్దిపాటి పుస్తకాలతో, తన సొంత గుర్తింపులతో జాబితాను ప్రకటించాడు. అందువలన ఇందులో కొన్ని తప్పులు దొర్లాయి. వాటిలో కొన్నింటిని తరువాత వెలువరించిన అనుబంధాలలో తానే సరిదిద్దుకొన్నాడు. తప్పులు ఉన్నప్పటికీ ఈ జాబితా అప్పుడే వెలువడడం మేలే అయింది. ఇంగ్లండు నుండి సమాధానం వచ్చేదాకా ఆగి ఉంటే అది మరెన్నో ఏళ్ళు ఆలస్యమయ్యేది.

నాలుగు ప్రాంతాలు

ఈ జాబితా విలువ దానిలోని జాతుల సంఖ్యలో కంటే దాని పీఠికలో ఎక్కువగా ఉంది. జెర్డాన్ ద్వీపకల్పాన్ని నేల, ఎత్తు, వర్షం, అడవులను బట్టి నాలుగు పెద్ద భాగాలుగా విభజించాడు. అవి ఉత్తర సర్కారులు, కర్ణాటకం అని పిలువబడిన తూర్పు మైదానం, పశ్చిమ తీరం, మధ్యనున్న చెట్లు తక్కువ గల పీఠభూమి. ఒక్కొక్క పక్షి గురించి వ్రాసేటప్పుడు అది ఈ నాలుగింటిలో ఎక్కడ సాధారణం, ఎక్కడ అరుదు, ఎక్కడ తాను చూడలేదు అన్న విషయాన్ని నమోదు చేశాడు.

ఈనాటి పేర్లలో చెప్పాలంటే ఉత్తర సర్కారులలో గంజాం నుండి కృష్ణ దాకా ఉన్న కోస్తా జిల్లాలూ వాటి వెనుకనున్న కొండలూ వస్తాయి. తూర్పు మైదానం దానికి దక్షిణంగా నెల్లూరు మీదుగా తమిళ దేశం దాకా సాగుతుంది. ఇది చిట్టడవులు, ముళ్ళ పొదలు, చెరువులు గల మెట్ట ప్రాంతం. పీఠభూమిలో మైసూరు, రాయలసీమ పడమటి భాగం, తెలంగాణ, మరాఠ్వాడా చేరుతాయి. ప్రస్తుత సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు, దానికి ఆనుకొని ఉన్న బీదరు ప్రాంతం ఈ పీఠభూమికి మంచి ఉదాహరణలు. నల్లరేగడి పక్కనే ఎర్రని జేగురు నేలలు, జొన్న, కంది వంటి మెట్ట పంటలు, మధ్యలో గడ్డి బీళ్ళు ఇక్కడి ప్రత్యేకత. భరత పక్షులు, పెడిసె జాతులు, ఎర్రచిటిక వంటి నేల మీద బ్రతికే పక్షులకు ఇటువంటి ఖాళీ నేలలే ఆవాసం. పశ్చిమ తీరంలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ కనుమల వెంట ఎడతెగని వర్షాలు, సతత హరితారణ్యాలు ఉన్నాయి. అక్కడి జాతులు ఎన్నో కనుమ దిగి తూర్పుకు రావు.

నీలగిరులలో మాత్రమే, లేదా పశ్చిమ కనుమల ఎత్తైన శిఖరాలలో మాత్రమే నివసించే అనేక పక్షులను శాస్త్రలోకానికి మొదట పరిచయం చేసినది జెర్డానే. నలుపు, నారింజ రంగుల ఈగపట్టు పిట్ట (1839), నీలగిరి ఈగపట్టు పిట్ట (1840), నీలగిరి నీలి రాబిన్ (1841) వాటిలో కొన్ని. ఈ అడవుల జీవులలో చాలావాటికి దగ్గరి బంధువులు పొరుగున ఉన్న దక్కనులో కాక, తూర్పు హిమాలయాలలోనూ, ఆగ్నేయాసియాలోనూ ఉండడం తరువాతి తరాల వారికి పెద్ద ప్రశ్నగా మారింది. మధ్యలో వందల మైళ్ళ ఎండు నేల ఉండగా ఇది ఎలా సాధ్యమైందో వివరించడానికి సుందర్‌లాల్ హోరా చేపల ఆధారంగా 1940లలో సాత్పురా సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దానిపై చర్చలు ఆ తరువాత కూడా కొనసాగాయి.

జెర్డాన్ విభజనలో లోపాలు లేకపోలేదు. ఆయన నమోదు చేసిన స్థలాలు ఎక్కువగా కంటోన్మెంటులు, జిల్లా కేంద్రాలు, వాటిని కలిపే సైనిక మార్గాలు. మార్గానికి దూరంగా ఉన్న ప్రాంతాలు ఖాళీగా మిగిలిపోయాయి. ఆయన రచనలలో ఒక జాతి ఒక ప్రాంతంలో పేర్కొనబడలేదంటే అది అక్కడ లేదని అర్థం కాదు. అక్కడికి ఆయన వెళ్ళలేదని మాత్రమే కావచ్చు. ముఖ్యంగా తెలంగాణ లోపలి జిల్లాల విషయంలో ఇది నిజం. హైదరాబాదు రాజ్యంలో పక్షుల గురించి క్రమపద్ధతిలో సర్వే జరగడానికి ఆ తరువాత దాదాపు శతాబ్దం పట్టింది. నిజాము ప్రభుత్వ సహాయంతో 1931-32లో సలీం అలీ ఆ సర్వే చేశాడు.

నెల్లూరు

1842లో జెర్డాన్ నెల్లూరుకు సివిల్ సర్జనుగా నియమితుడయ్యాడు. ఆయన జీవితంలో తెలుగువారికి అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే. సివిల్ సర్జనుకు సైన్యంతో పాటు తిరగవలసిన పని లేదు. జిల్లా ఆసుపత్రి, జైలు ఆయన బాధ్యతలు. తీరిక దొరికింది. పడమట వెలికొండలు, తూర్పున పులికాటు సరస్సు, నడుమ పెన్నా నది ఉన్న ఈ జిల్లా పక్షుల విషయంలో ఎంతో సంపన్నమైనది.

నెల్లూరు జిల్లాలోని యానాదులు వేటలోనూ, చేపలు పట్టడంలోనూ, అడవి దినుసుల సేకరణలోనూ ఆరితేరినవారు. జెర్డాన్ వారితో పరిచయం పెంచుకొని జంతువుల అలవాట్లు, గూళ్ళు, ఆవాసాలు, స్థానిక నామాల గురించి తెలుసుకొన్నాడు. రాత్రిపూట మాత్రమే తిరిగే జీవుల గురించి తుపాకీ పట్టుకొని పగలు తిరిగే దొరలకు తెలిసే అవకాశం తక్కువ. ఆ రకమైన సమాచారం యానాదుల వంటి వారి నుండే రావాలి. అయినా ఆ కాలపు ఆచారం ప్రకారం గ్రంథాల మీద వారి పేర్లు ఎక్కడా లేవు.

జెర్డాన్ తన గ్రంథాలలో ప్రతి పక్షికి శాస్త్రీయ నామంతో పాటు హిందీ, తెలుగు, తమిళం మొదలైన భాషలలోని పేర్లను కూడా ఇచ్చాడు. పాలపిట్ట, పికిలిపిట్ట, బట్టమేక వంటి పేర్లు ఆంగ్ల లిపిలో ఆయన పుస్తకాలలో కనిపిస్తాయి. తెలుగు పక్షి నామాలను శాస్త్రీయ నామాలతో ముడిపెట్టి చూపిన తొలి సేకరణలలో ఇది ఒకటి. నిఘంటువులలో ఒక పక్షి విశేషం అని మాత్రమే అర్థం ఇచ్చి వదిలేసిన పేర్లు ఏ పక్షివో తేల్చడానికి జెర్డాన్ పుస్తకం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ఈ విషయంలో ఆయనకు తోడైనవాడు మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి వాల్టర్ ఇలియట్. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన ఇలియట్ స్వయంగా ప్రకృతి శాస్త్రజ్ఞుడు. తెలుగు దేశపు మొక్కల పేర్లను చేర్చి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అనే పుస్తకాన్ని ప్రకటించాడు. జెర్డాన్ మరణానంతరం ఆయన జీవితం గురించి వ్రాసినవాడు కూడా ఇలియటే.

నెల్లూరులో ఉన్న కాలంలోనే 1845లో పసుపు గొంతు పికిలిపిట్టను జెర్డాన్ వర్ణించాడు. ఇది దక్షిణ భారతంలోని రాతి కొండల మీద, బండరాళ్ళ నడుమ పెరిగిన పొదలలో మాత్రమే నివసించే పక్షి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలో అక్కడక్కడ, ఒకదానికొకటి దూరంగా ఉన్న కొండలలో కనిపిస్తుంది. హార్స్లీ కొండలలో, నంది కొండలలో దీనిని చూడవచ్చు. కొండలను రాతి కోసం తవ్వడం దీని మనుగడకు ముప్పుగా పరిణమించింది.

కలివికోడి

నెల్లూరు, కడప జిల్లాల సరిహద్దు కొండల నుండి జెర్డాన్‌కు లభించిన మరొక పక్షి ఆయన పేరును చిరస్థాయిగా నిలిపింది. ఇది సుమారు 27 సెంటీమీటర్ల పొడవుగల నేల పక్షి. పొడవైన కాళ్ళు, పెద్ద కళ్ళు, ఛాతీ మీద రెండు గోధుమరంగు పట్టీలు దీని గుర్తులు. పగలు పొదల నీడన దాగి ఉండి, రాత్రి ఆహారం కోసం తిరుగుతుంది. జెర్డాన్ పంపిన నమూనా ఆధారంగా కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీనిని కొత్త జాతిగా వర్ణించాడు. శాస్త్రీయ నామంలోని బైటార్క్వేటస్ అన్న మాటకు రెండు కంఠపట్టీలు గలది అని అర్థం. జెర్డాన్ వ్రాసుకొన్న తెలుగు పేరు అడవి ఉత తిత్తి అన్నదానికి దగ్గరగా ఉంటుంది. కడప ప్రాంతంలో దీనిని కలివికోడి అంటారు. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక ఆ పేరు.

దీనికి దగ్గరి బంధువైన ఎర్రచిటిక దాదాపు దేశమంతటా బయలు నేలలలో కనిపిస్తుంది. కలివికోడి మాత్రం బయలులో ఉండదు, దట్టమైన అడవిలోనూ ఉండదు. ముళ్ళపొదలు, వాటి నడుమ ఖాళీ నేల రెండూ తగుపాళ్ళలో ఉన్న చోటనే ఉంటుంది. దీని విస్తృతి అంత ఇరుకుగా ఉండడానికి ఇదే ముఖ్య కారణం. జెర్డాన్ తరువాత భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫోర్డ్ గోదావరి లోయలో సిరోంచా, భద్రాచలం ప్రాంతాలలో దీనిని చూశాడు. 1900లో హోవర్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర చూశాడు. ఆ తరువాత ఇది కనిపించలేదు.

చిత్రాల గ్రంథం

1843 నుండి 1847 వరకు మద్రాసులో జెర్డాన్ భారతీయ పక్షుల చిత్రాల గ్రంథాన్ని భాగాలుగా వెలువరించాడు. ఇందులో యాభై చిత్రాలున్నాయి. ఎక్కువగా దక్షిణాది పక్షులే. చిత్రాలు గీసినవారు భారతీయ కళాకారులు. ఇంగ్లండులోని పక్షి శాస్త్రవేత్తలు కూడా ఈ చిత్రాల నాణ్యతను మెచ్చుకొన్నారు.

చేపలు, సరీసృపాలు, చీమలు

1847లో జెర్డాన్ మలబారు తీరంలోని తలచేరికి సివిల్ సర్జనుగా వెళ్ళాడు. ఈ కాలంలో ఆయన దృష్టి పక్షుల నుండి ఇతర జీవుల వైపు మళ్ళింది. దక్షిణ భారత మంచినీటి చేపల గురించి 1848-49లో, ద్వీపకల్పపు సరీసృపాల గురించి 1853లో వ్యాసాలు ప్రకటించాడు.

1851లో వెలువడిన దక్షిణ భారతదేశపు చీమల జాబితా వీటన్నిటిలో విశిష్టమైనది. ఇందులో 47 జాతుల వర్ణన ఉంది. భారతదేశపు చీమల గురించి ఇంత వివరంగా అంతకుముందు ఎవరూ వ్రాయలేదు. పెద్ద కళ్ళు, పొడవాటి దవడలు కలిగి, ఎగిరి దూకే చీమ హార్పెగ్నాథోస్ సాల్టేటర్‌ను మొదట వర్ణించినది ఈ వ్యాసంలోనే. ఈ జాతిలో రాణి చనిపోయినప్పుడు కూలి చీమలు తమలో తాము పోటీపడి, గెలిచినవి గుడ్లు పెట్టగల స్థితికి మారుతాయి. ఆ కారణంగా ఆయుర్దాయం, జన్యువుల పరిశోధనలో దీనికి ఎంతో ప్రాముఖ్యం వచ్చింది. మొట్టమొదట జన్యుపటం తయారైన రెండు చీమ జాతులలో ఇది ఒకటి (2010). దండు కట్టి వరుసగా నడిచే లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్, చెట్లమీద తిరిగే ఎరుపు, నలుపు రంగుల టెట్రాపోనెరా రూఫోనైగ్రా కూడా జెర్డాన్ పేరు పెట్టినవే.

చీమలు గింజలను సేకరించి పుట్టలో దాచుకొంటాయన్నది మన పల్లెల్లో అందరికీ తెలిసిన విషయం. అయితే చలి దేశాలలోని చీమలకు ఆ అలవాటు లేకపోవడం చేత, ఐరోపా పండితులు పందొమ్మిదవ శతాబ్దంలో దీనిని కట్టుకథగా కొట్టివేశారు. సైక్స్, జెర్డాన్ ఇద్దరూ గింజలు దాచే చీమలను భారతదేశంలో ప్రత్యక్షంగా చూసి వ్రాశారు. 1873లో మోగ్రిడ్జ్ దక్షిణ ఫ్రాన్సులో ఇటువంటి చీమలను పరిశీలించి గ్రంథం వ్రాసినప్పుడు వీరిద్దరి సాక్ష్యాన్ని పేర్కొన్నాడు.

భారతదేశపు పక్షులు

తలచేరి తరువాత జెర్డాన్ మధ్య భారతంలోని సాగరుకు అశ్విక దళ వైద్యునిగా వెళ్ళాడు. 1857 తిరుగుబాటు కాలంలో ఆయన సైనిక విధులలోనే ఉన్నాడు. ఆ తరువాత ఆరోగ్య కారణాలపై సెలవు తీసుకొని డార్జిలింగు వెళ్ళాడు. అక్కడ హిమాలయ పక్షులను దగ్గరగా చూసే అవకాశం లభించింది. దీనితో దక్షిణాదికి పరిమితమైన ఆయన అనుభవం దేశమంతటికీ విస్తరించింది. భారతదేశపు వెన్నెముక గల జంతువులన్నిటిపై చిన్న చిన్న గ్రంథాలు వెలువరించాలన్న ఆయన ఆలోచన గవర్నరు జనరల్ కానింగ్ ప్రభువుకు నచ్చింది. ఆయన జెర్డాన్‌ను ఈ పని కోసం ప్రత్యేక విధులలో నియమించాడు.

దాని ఫలితమే 1862-64లో కలకత్తాలో వెలువడిన భారతదేశపు పక్షులు అనే గ్రంథం. ఇందులో వెయ్యికి పైగా జాతుల వర్ణన ఉంది. అంతవరకు భారతదేశంలోని ఒక ఉద్యోగి తన ఊరి పక్షిని గుర్తించాలంటే ఎన్నో పత్రికల పాత సంచికలు వెదకవలసి వచ్చేది. అవి జిల్లాలలో దొరికేవి కావు. జెర్డాన్ గ్రంథం రావడంతో ఆ ఇబ్బంది తీరి, మారుమూల ఉన్నవారు కూడా పరిశీలనలు మొదలుపెట్టారు. తరువాతి దశాబ్దంలో ఎ.ఓ. హ్యూమ్ చుట్టూ చేరిన పరిశీలకులలో చాలామందికి ఇదే పాఠ్యపుస్తకం. ఓట్స్, బ్లాన్‌ఫోర్డ్‌ల సంపుటాలు 1889 నుండి వెలువడేదాకా దీనికి పోటీ లేదు.

డార్విన్ గ్రంథం వెలువడిన మూడేళ్ళకే ఈ పుస్తకం రావడం వలన పీఠికలో ఆ సిద్ధాంత ప్రస్తావన ఉంది. జెర్డాన్ దానిని తిరస్కరించలేదు. పూర్తిగా ఒప్పుకోనూ లేదు. డార్విన్ బాహ్య పరిస్థితులకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి, జీవులలో సహజంగా ఉన్న మార్పు శక్తికి తగినంత విలువ ఇవ్వలేదని ఆయన అభిప్రాయం. పక్కపక్క ప్రాంతాలలో కొద్ది తేడాలతో కనిపించే పక్షులను ఇరవై ఏళ్ళకు పైగా చూసిన వ్యక్తి అభిప్రాయంగా దీనిని గమనించాలి.

1867లో భారతదేశపు క్షీరదాలు అనే గ్రంథం వెలువడింది. సరీసృపాలు, చేపలపై గ్రంథాలు కూడా వ్రాయాలని జెర్డాన్ ఆశించాడు కాని అది నెరవేరలేదు. 1888 నుండి బ్లాన్‌ఫోర్డ్ సంపాదకత్వంలో వెలువడిన బ్రిటిషు ఇండియా జంతుజాలం గ్రంథమాలకు తొలి ఆలోచన జెర్డాన్‌దేనని చెప్పవచ్చు.

చివరి రోజులు

1868లో జెర్డాన్ పదవీ విరమణ చేశాడు. అయినా దేశం విడిచి వెళ్ళక ఈశాన్య ప్రాంతంలో పర్యటనలు కొనసాగించాడు. అస్సాంలో తీవ్రమైన జ్వరం పాలై ఆరోగ్యం చెడింది. 1870లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు. 1872 జూన్ 12న లండను శివారులోని అప్పర్ నార్వుడ్‌లో మరణించాడు.

కలివికోడి తిరిగి కనిపించడం

1900 తరువాత కలివికోడి అంతరించిపోయిందని చాలామంది నమ్మారు. దీని కోసం జరిగిన అన్వేషణలు ఫలించలేదు. వాటిలో చాలావరకు పగటిపూట జరిగినవే. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తిరిగి అన్వేషణ ప్రారంభించింది. ఆ సంస్థ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలోని గ్రామాలలో తిరిగి, పక్షి బొమ్మ చూపించి స్థానికులను విచారించాడు. అది తమకు తెలుసునని, రాత్రిపూట తిరుగుతుందని వేటగాళ్ళు చెప్పారు. 1986 జనవరిలో ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో ఒక పక్షిని పట్టి తెచ్చాడు. అది కలివికోడేనని తేలింది. ఎనభై ఆరేళ్ళుగా శాస్త్రవేత్తలకు కనిపించని పక్షి ఆ ఊరి వేటగాళ్ళకు ఎప్పుడూ కనిపిస్తూనే ఉందన్నమాట. దురదృష్టవశాత్తు పట్టుకొన్న ఆ పక్షి బ్రతకలేదు.

ఆ తరువాత 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2000 తరువాత జగన్నాథన్ తదితర పరిశోధకులు మెత్తని మట్టి పరిచి అడుగు జాడలు పట్టడం, స్వయంచాలక కెమెరాలు అమర్చడం వంటి పద్ధతులతో పరిశీలనలు చేశారు. దీని కూతను కూడా రికార్డు చేశారు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి ఆవాసంలోకి ప్రవేశించాయి. వివాదం తలెత్తిన తరువాత కాలువ మార్గాన్ని మార్చారు. పొదలు కొట్టివేయడం, నేలను సాగులోకి తేవడం, పశువుల మేత వీటి మూలంగా పొదలకూ ఖాళీ నేలకూ మధ్య ఉండవలసిన పాళ్ళు చెడిపోవడం ఈ పక్షికి ప్రధానమైన ముప్పు. పొదలు పూర్తిగా పోయినా, మరీ దట్టంగా కమ్ముకొన్నా ఇది ఆ చోటు విడిచిపోతుంది.

స్కాట్లండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ సంగ్రహాలయంలో ఉన్న ఒక గుడ్డు కలివికోడిదేనని 2013లో జన్యు పరీక్షల ద్వారా నిర్ధారించారు. దానిని 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలోని పశువైద్యుడు ఎర్నెస్ట్ మీటన్ సేకరించాడు. అంటే 1900 తరువాత కూడా ఈ పక్షి ఉందనడానికి ఆధారం ఒకటి ఎవరి దృష్టికీ రాకుండా పెట్టెలో ఉండిపోయింది. కోలారు జెర్డాన్, బ్లాన్‌ఫోర్డ్, క్యాంప్‌బెల్ చెప్పిన స్థలాలకు వెలుపల ఉంది కాబట్టి దీని పూర్వపు విస్తృతి అనుకొన్నదానికంటే పెద్దదని తెలుస్తున్నది.

2009 ప్రాంతం తరువాత మళ్ళీ చాలా ఏళ్ళు దీని జాడ దొరకలేదు. 2025 ఆగస్టులో కడప జిల్లాలో పక్షి పరిశీలకుల బృందం ఒకటి రాత్రివేళ దీని కూతను విని రికార్డు చేసింది.

జెర్డాన్ పేరు గల ఇతర జీవులు

జెర్డాన్ పేరుతో పిలువబడే జీవులు ఇంకా అనేకం ఉన్నాయి. తెలుగు ప్రాంతాల మెట్ట నేలలలో కనిపించే జెర్డాన్ భరత పక్షి, తోటలలో తిరిగే ఆకుపచ్చని జెర్డాన్ ఆకుపిట్ట, పశ్చిమ కనుమలలో మాత్రమే ఉండే గోధుమరంగు పునుగు పిల్లి, పొడి నేలలలో పరుగెత్తే ఒఫిసాప్స్ జెర్డోనీ అనే చిన్న బల్లి, హిమాలయ ప్రాంతపు ఒక విష సర్పం వాటిలో కొన్ని.